ముప్పై రోజులు కదలని కారు

నేను ఒక ఫియట్ కారును. వయసెంత అని అడిగితే చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు గానీ లెక్కలు రావు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు బొంబాయిలో పుట్టానని మాత్రం గట్టిగా చెప్పగలను. నన్ను ఇటు తోలుకొస్తున్నప్పుడు దారి పొడవునా టీకొట్ల దగ్గర జనం ఆ ఉప్పెన గురించే మాట్లాడుకుంటున్నారు. చదువు కూడా రాదు నాకు. నా ఒంటి మీద అక్షరమంటూ ఉంటే అది నంబరు ప్లేటు మీదే, అందులోనూ ఒక అంకె చెరిగిపోయింది. అయితేనేం, వినికిడి బాగుంది, జ్ఞాపకం అంతకంటే బాగుంది. ఎవరు ఎప్పుడు నా వెనక సీటులో కూర్చుని ఏం మాట్లాడారో ఇప్పుడడిగినా చెబుతాను. తీరిక ఉంటే కూర్చోండి. ముందు సీటులో మాత్రం వద్దు, స్ప్రింగు పొడుచుకుంటుంది.

నన్ను మొదట కొనుక్కున్నది గుంటూరులో పొగాకు వ్యాపారం చేసే వెంకటప్పయ్య గారు. ఆ రోజుల్లో కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. ఆయన పేరు రాయించుకున్నప్పుడు మీసం నల్లగా ఉండేదట, నేను గుమ్మం ముందు ఆగేసరికి తెల్లబడింది. అంత ఎదురుచూసి తెచ్చుకున్నవాళ్లు హాయిగా వాడుకుంటారని మీరనుకుంటారు. ఆయన వాడలేదు. సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు, రంగు పోతుందని. ఎండాకాలం ఆ ప్లాస్టిక్ వీపులకు అంటుకుపోయేది, లేచేటప్పుడు చిర్రుమని చప్పుడయ్యేది. ఆయన భార్య పట్టుచీర కట్టుకుని ఎక్కితే ప్రతి మలుపులోనూ ఈ తలుపు దగ్గర నుంచి ఆ తలుపు దగ్గరికి జారిపోయేది. పాపం, నోరెత్తేది కాదు, పైనున్న పిడి పట్టుకుని దేవుణ్ణి తలుచుకునేది. ఆరేళ్ల తర్వాత ఆయన వ్యాపారం మానుకుని నన్ను అమ్మేశారు. నా సీట్ల అసలు రంగు ఆయన చూడనే లేదు. ముదురు ఎరుపు. చెప్పొద్దూ, చాలా బాగుండేది.

ఆ ప్లాస్టిక్‌ను కత్తెరతో చరచరా కోసి అవతల పారేసింది కనకరత్నం డాక్టరమ్మ. మా వేలంపాడులో పది మంచాల పురుళ్ల ఆసుపత్రి ఆమెది. వేలంపాడంటే సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న మునిసిపాలిటీ ఊరు, సగం జనం మగ్గం నేసేవాళ్లే. నన్ను కొన్నరోజే డాక్టరమ్మ ఒక నియమం పెట్టింది. తన చేత్తో తీసిన బిడ్డ తన కారులోనే ఇల్లు చేరాలి. అప్పట్లో బాలింతలు రిక్షాలోనో, బస్సులో నిలబడో ఇంటికి వెళ్లేవాళ్లు. అది చూసి ఆమెకు కడుపు మండేది. డ్రైవరుగా జకరయ్యను పెట్టుకుంది. బాలింత కూర్చుందంటే అతన్ని ఎద్దుబండి కంటే వేగంగా పోనిచ్చేది కాదు. గుంట కనబడితే దిగి నడిచి దాని లోతు చూసి మళ్లీ ఎక్కేది. మైలు దూరానికి ముప్పావుగంట. వెనకాల లారీలవాళ్లు హారను కొట్టి కొట్టి విసిగి, లోపల పసిబిడ్డను చూసి, నోరు మూసుకుని పక్కనుంచి పోయేవాళ్లు.

ఇరవై రెండేళ్లు అలా గడిచాయి. డాక్టరమ్మకు పెద్దతనం వచ్చి ఆసుపత్రి మూసేసినప్పుడు నన్ను జకరయ్య పేరున రాసి ఇచ్చేసింది. అతని ఇల్లు గంజి వీధిలో. నూలుకు గంజి పెట్టే నేతవాళ్ల వీధి కాబట్టి ఆ పేరు. సన్నటి సందు, అవతలి కొస గోడతో మూసుకుపోతుంది, ఇవతలి కొస లారీలు తిరిగే పెద్దరోడ్డు మీదికి పల్లంగా దిగుతుంది. ఇంట్లో నాకు చోటెక్కడిది, అరుగు ముందే నిలిపాడు. డాక్టరమ్మ పోయాక కూడా అతను ఆ నియమం మానలేదు. గంజి వీధిలో ఎవరు పురుడు పోసుకున్నా, ఏ ఆసుపత్రిలో పోసుకున్నా, ఇంటికి నాలోనే తెచ్చేవాడు. అతని భార్య సువార్తమ్మ పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పదకొండేళ్ల కిందట నా ఇంజను ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి మూత ఎత్తి, చూసి, ఏమీ అనకుండా మూత దించి, సువార్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అంతటితో నాకర్థమైంది. జకరయ్యకు మాత్రం అర్థం కాలేదు, ఇప్పటికీ. ఆ వారమే వీధిలో ఒక పిల్ల పురుడు పోసుకుని ఆటోలో వచ్చింది. ఆమె అమ్మమ్మ సందు మొదట్లోనే ఆటో ఆపించి, బిడ్డ కారులోనే రావాలని పట్టుబట్టింది. కారు కదలదు కదమ్మా అంటే వినలేదు. చివరికి బాలింతను బిడ్డతో సహా నా ఎడమ తలుపులోంచి ఎక్కించి, ఒక్క నిమిషం కూర్చోబెట్టి, కుడి తలుపులోంచి దింపారు. అమ్మమ్మ తృప్తిపడింది. అదే ఆచారమైపోయింది. పక్క వీధులవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఈ పదకొండేళ్లలో ఒక్క అడుగు కదలకుండా నలభై మూడు మందిని ఇంటికి చేర్చాను. ఏ కొత్త కారైనా చేసి చూపించమనండి.

మిగతా వేళల్లోనూ నేను ఊరికే లేను. తెల్లవారుజామున నేతవాళ్లు నూలు పోగులు వీధి పొడవునా సాగదీసి గంజి పెడతారు కదా, ఒక కొస కరెంటు స్తంభానికీ రెండో కొస నా బంపరుకూ కట్టేవాళ్లు. ఎండాకాలం నా నెత్తిన గుమ్మడి వడియాలు. వానాకాలం నా కడుపులో రెండు కోళ్లు. నా అడుగున రేకు చిల్లులు పడి లోపల కూర్చుంటే కింద నేల కనబడేది, ఆ చిల్లులోంచి కోళ్లు తలబెట్టి రోడ్డు మీద గింజలు ఏరుకునేవి.

ఇలా ఉండగా, ఒక రోజు పొద్దున నా అద్దం మీద మైదా జిగురు పూసి కాగితం అంటించారు. చదువు రాదన్నాను కదా, జకరయ్య కళ్లజోడు పెట్టుకుని పైకి చదువుతుంటే విన్నాను. ప్రజల రోడ్డు మీద ముప్పై రోజులు కదలకుండా ఉన్న పాత వాహనాన్ని తుక్కు కింద లెక్కగడతారట. పదిహేను రోజుల్లో యజమాని తీసేయకపోతే మునిసిపాలిటీవాళ్లే ఎత్తుకుపోయి తుక్కు యార్డులో పడేస్తారట. అంటించింది కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు హైమావతి. ముప్పై ఏళ్లుండవు, చంకలో ఎప్పుడూ పెద్ద రిజిస్టరు, మాట మెత్తన, పట్టు గట్టి. ఆమె ఇంకా సందు దాటకముందే జకరయ్య అరుగు మీద నుంచే పిలిచాడు.

"తుక్కంటే ఏందమ్మా? నడవలేందా? అట్టయితే ముందు నన్ను ఎత్తకపో. నా మోకాళ్లు రెండూ పోయి మూడేళ్లయింది."

"మీరు రోడ్డు మీద లేరు కదా పెద్దాయనా, అరుగు మీద ఉన్నారు. రూలు రోడ్డుకే" అంది ఆమె.

వీధి వీధంతా నవ్వింది. జకరయ్యకు మాత్రం నవ్వు రాలేదు, ఎదురింటి చెంచమ్మకు అసలే రాలేదు. చెంచమ్మ మగ్గం మీద పుట్టి మగ్గం మీద పెరిగిన మనిషి. ఆమె కోడలు సులోచనకు అప్పుడు తొమ్మిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ పిల్ల అప్పటినుంచీ గట్టిగా నవ్వడం మానేసింది, నవ్వితే ఏమవుతుందోనని భయపడినట్టుండేది. ఈసారి నిలిచింది. డాక్టర్లు ఇరవై రోజుల్లో కాన్పు అన్నారు. కాగితంలో గడువు పదిహేను రోజులు. చెంచమ్మకు చదువు రాకపోయినా ఈ తేడా వెంటనే తెలిసింది. రోడ్డు దాటొచ్చి నా బానెట్టు మీద చెయ్యేసి నిలబడింది.

"జకరయ్యన్నా, నా మనవడో మనవరాలో ఈ కారులోంచే ఇంట్లో కాలు పెట్టాల. అప్పటిదాకా దీన్ని ఎవరు కదిలించినా నేను వూరుకునేది లేదు."

"నువ్వు నిమ్మళంగా ఉండు చెంచమ్మా. నేనుండానుగా" అన్నాడు జకరయ్య.

న్యాయం చెప్పుకోవాలి కదా. హైమావతి చెప్పినదాంట్లోనూ న్యాయముంది. నేను సందులో నిలబడ్డప్పటినుంచీ చెత్తబండి లోపలికి రావడం లేదు. నాకూ గోడకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి జరిగితే తప్ప పట్టని సందు. ఊడ్చే ఆడవాళ్లిద్దరు నలభై ఇళ్ల చెత్త గంపలకెత్తుకుని, పక్కకు తిరిగి, నన్ను రాసుకుంటూ పెద్దరోడ్డు దాకా మోసేవాళ్లు. వాళ్ల తిట్లు నేను రోజూ వినేదాన్ని, నన్నే కదా తిట్టేది. హైమావతి వచ్చిన మొదటి రోజే ఒక గంప తనే నెత్తిన పెట్టుకుని చూసింది, ఎంత బరువుందోనని. రెండో రోజు కాగితం అంటించింది.

ఇక జకరయ్య అర్జీల యుద్ధం మొదలైంది. సందు మొదట్లో, పెద్దరోడ్డుకు ఆనుకుని ప్రహరీ గోడతో వార్డు ఆఫీసు ఉంది. అక్కడ ప్రతి సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇస్తే దానికి జవాబు ఇచ్చేదాకా అధికారులు చెయ్యి వేయకూడదని జకరయ్యకు ఎవరో చెప్పారు. మొదటి అర్జీలో, ఈ కారు నేతపనికి వాడుకలో ఉంది, పోగులు దీనికే కట్టుకుంటాం అని రాయించాడు. నడవని బండి నిలబడిన బండిగా పనికొస్తుందని వాదించడానికి ఎంత ధైర్యం కావాలి. హైమావతి మర్నాడే జవాబిచ్చింది. పోగులు కట్టుకోవడానికి ఒక ఇనుప స్తంభం ఆఫీసువాళ్లే పాతిస్తారని. అన్నట్టే పాతించింది కూడా. నేతవాళ్లు ఆ స్తంభాన్ని చూసి, ఇది కారు కంటే బాగుందని పైకే అనేశారు. నాకు కొంచెం బాధేసింది. పదకొండేళ్ల సావాసం కదా.

జకరయ్య ఓడిపోయినవాడిలా కనబడలేదు. మరుసటి సోమవారమే రెండో అర్జీ. ముప్పై రోజులుగా కదలలేదన్నది అబద్ధమనీ, తన కారు కదులుతుందనీ. అది వినగానే నా గుండె, అంటే గుండె ఉండాల్సిన చోట ఉన్న ఎలుకల గూడు, గుభేలుమంది. ఇంత పెద్దమనిషి అంత పచ్చి అబద్ధం కాగితం మీద పెట్టి సంతకం చేస్తాడని నేననుకోలేదు. అతనికి మాత్రం అది అబద్ధమనిపించలేదు. అతని లెక్కలో నేను ఆగిపోలేదు, ఊరికే విశ్రాంతి తీసుకుంటున్నాను.

హైమావతి సాయంత్రం సుద్దముక్క తెచ్చి నా నాలుగు చక్రాల చుట్టూ నేల మీద గీతలు గీసి, పక్కన తేదీ వేసింది. నేను కదిలితే గీతలు చెదురుతాయి, కదలకపోతే ఉంటాయి. చాలా తెలివైన పని. కానీ ఆమె మరచిపోయింది ఏమిటంటే, గంజి వీధిలో పొద్దున్నే నేల మీద గీతలు ఎవరికి కనబడతాయో.

చెంచమ్మ కోడి కూయకముందే లేచి తన వాకిట నీళ్లు చల్లుతుంది. ఆమె వాకిలంటే నా చక్రాల దాకా వస్తుంది. చూస్తే నేల మీద తెల్లటి గీతలు, మధ్యలో ఆపేసినట్టు సున్నాలు. కోడలు కడుపుతో ఉన్న ఇంటి ముందు సగం వేసిన ముగ్గు వదిలేస్తారా ఎవరైనా? ఎవరో తెలియని పిల్ల మొదలుపెట్టి పోయిందనుకుంది. గిన్నెలో ముగ్గుపిండి తెచ్చి ఆ సున్నాల చుట్టూ రేకులు తిప్పింది. తెల్లవారేసరికి నా ఒక్కో చక్రం ఒక్కో తామరపువ్వులో నిలబడి ఉంది. నా పుట్టుకలో నేనెప్పుడూ అంత అందంగా లేను.

హైమావతి వచ్చి ఒక్కో చక్రం దగ్గరా వంగి చూసింది. గీత ఏదీ అంది. జకరయ్య చటుక్కున అందుకున్నాడు, కారు కదిలింది కాబట్టి చెరిగిపోయిందని.

"కారు కదిలితే ముగ్గు చెదరలేదేం పెద్దాయనా?"

జకరయ్య మళ్లీ ఏదో అనబోయాడు. అరుగు మీద నుంచి సువార్తమ్మ, నోరు మూసుకుని లోపలికి రమ్మని సైగ చేసింది. మర్నాడు హైమావతి సుద్దముక్కకు బదులు పసుపుపచ్చ పెయింటు తెచ్చి గీసింది. అది చూసి చెంచమ్మ ఎంతో సంబరపడింది, మునిసిపాలిటీవాళ్లు ముగ్గులో రంగులు కూడా నింపి పోతున్నారని. పసుపు గీత మధ్యలో ఉంచి అటూఇటూ తీగలు అల్లింది. హైమావతి ఈసారి ఫోను తీసి ఫొటో తీసుకుంది. రిజిస్టరులో అంటించడానికో, ఇంట్లో చూపించడానికో నాకు తెలియదు.

మూడో అర్జీలో జకరయ్య ఉన్నమాట రాయించాడు. ఎదురింటి పిల్లకు కాన్పు అయ్యేదాకా గడువు కావాలని. రాయించిన మూడింట్లో అతని మనసులో మాట అదొక్కటే, దానికే అసలు విలువ లేకపోయింది. కాన్పు దాకా అని రూల్లో ఎక్కడా లేదని హైమావతి చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చిన్నబోయి ఉందట, సువార్తమ్మ చెప్పింది. గురువారం పదకొండు గంటలకు క్రేను వస్తుంది అని కాగితం ఇచ్చింది.

ఆ గురువారం పొద్దున వీధిలో ఎవరూ మగ్గం ఎక్కలేదు. చెంచమ్మ తెల్లారకముందే వచ్చి నా ముందు సీటులో కూర్చుంది. స్ప్రింగు పొడుచుకుంటున్నా కదల్లేదు. మనిషి కూర్చున్న బండిని ఎలా ఎత్తుతారో చూస్తానంది. పది గంటలకు హైమావతి రిజిస్టరు పట్టుకుని వచ్చింది. క్రేను ఇంకా రాలేదు. అప్పుడు లోపలి నుంచి సులోచన కేక వినబడింది. చెంచమ్మ నాలోంచి ఎలా దిగిందో నాకే తెలియదు, తలుపు కూడా వేయలేదు.

నొప్పులు ముందే వచ్చేశాయి. మామూలు నొప్పులు కాదు. ఆసుపత్రిలో పనిచేసే పక్కింటి నర్సమ్మ చూసి, బిడ్డ అడ్డంగా ఉన్నట్టుంది, వెంటనే తీసుకెళ్లాలి, పిల్లను లేపి నిలబెట్టొద్దు అంది. అంబులెన్స్‌కు ఫోను చేశారు. పావుగంటలో వచ్చింది. వచ్చి, పెద్దరోడ్డు మలుపు తిరిగి, సందులోకి ముక్కు పెట్టి, ఆగిపోయింది.

ఎదురుగా నేను.

నేను పక్కకు తప్పుకోలేను కదా. స్ట్రెచరు తెచ్చినవాళ్లు నాకూ గోడకూ మధ్య పెట్టి చూశారు, పట్టలేదు. ఎత్తి నా మీదుగా అందిద్దామన్నారు ఎవరో, నర్సమ్మ వద్దని అరిచింది. హైమావతి క్రేనుకు ఫోను చేసింది. అవతలి వార్డులో ఉన్నాం, అరగంట పడుతుంది అన్నారు వాళ్లు. లోపల సులోచన గొంతు మారిపోతోంది. ఏళ్ల తరబడి బాలింతలను మోశాను, నలభై మూడు మందిని కదలకుండా చేర్చాను, ఆ రోజు మాత్రం ఎందుకు పుట్టానా అనిపించింది.

జకరయ్య మోకాళ్లు పట్టుకుని అరుగు దిగి, నా తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"తొయ్యండి" అన్నాడు.

వెనక నుంచి పది మంది తోశారు. కదల్లేదు. పదకొండేళ్ల తుప్పు, ఉప్పుగాలి తుప్పు, చక్రాలు ఇనుప ముద్దలయ్యాయి. సువార్తమ్మ వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి చక్రాల ఇరుసుల మీద వంపింది. మళ్లీ తోశారు. ఊడ్చే ఆడవాళ్లిద్దరూ గంపలు దించి వచ్చి చెయ్యి వేశారు, ఇన్నేళ్ల కోపమంతా ఆ తోపులో పెట్టారు. హైమావతి రిజిస్టరు నా నెత్తిన పెట్టి, చున్నీ నడుముకు బిగించి, భుజం ఆనించింది. నాలో ఎక్కడో ఫెటేలుమంది. ఆ తర్వాత నేల నా కింద నుంచి జారింది. నేను కదిలాను. గాలి లేని టైర్ల మీద, లోపల కోళ్లు అరుస్తూ ఉండగా, పసుపు తీగల ముగ్గును వెనక్కి వదిలేసి.

అంబులెన్స్ వెనక్కి పెద్దరోడ్డు మీదికి పోయి చోటిచ్చింది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. సందు పల్లం అని చెప్పాను కదా. కదలడం మరచిపోయినదాన్ని ఇప్పుడు ఆగడం మరచిపోయాను. బ్రేకు తొక్కితే పెడలు జకరయ్య కాలికే ఊడి వచ్చింది. ఎదురుగా లారీలు. ఎడమ పక్క మురుగు కాలవ. కుడి పక్క వార్డు ఆఫీసు గేటు, బార్లా తెరిచి ఉంది. డెబ్భై మూడేళ్ల మనిషి స్టీరింగుకు వేలాడి, ఒళ్లంతా ఒక పక్కకు వేసి, నన్ను కుడివైపు తిప్పాడు. గేటులోంచి లోపలికి దూసుకుపోయి, గోడవారగా పేర్చిపెట్టిన కొత్త చెత్తబుట్టల గుట్టను ఢీకొట్టి ఆగాను. ఆకుపచ్చవి, నీలంవి, పదుల కొద్దీ బుట్టలు నా మీదా, నా కుడి పక్కనా కూలాయి.

వెనక అంబులెన్స్ సందులోకి పోయిన చప్పుడు, తలుపులు వేసిన చప్పుడు, మళ్లీ సైరను మోగించుకుంటూ పోయిన చప్పుడు విన్నాను. జకరయ్య దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. హైమావతి పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి చూసింది.

"నేనేనమ్మా అడ్డం. ఇన్నేళ్లూ నేనే" అన్నాడు అతను.

"లేవండి పెద్దాయనా. ఆసుపత్రికి పోదాం పదండి" అంది ఆమె.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆపరేషను చేసి తీశారు, ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారట. ఆ మాట చెంచమ్మ ఎవరికీ చెప్పలేదు. జకరయ్యకు మాత్రం ఎవరో చెప్పారు. అతను ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఈలోపు క్రేను వచ్చింది. రోడ్డు మీద బండి ఏదండీ అన్నారు. రోడ్డు మీద ఏ బండీ లేదు. హైమావతి రిజిస్టరు తీసి చూసింది. రూలు రోడ్డుకే. ఆఫీసు ఆవరణలో ఉన్నదానికి ఆ రూలు వర్తించదు. పై అధికారికి ఫోను చేసింది. ఆయన చెప్పినదేమిటంటే, ఆఫీసు ఆవరణలోని వస్తువును బయటికి పంపాలంటే ముందు దాన్ని సామాన్ల పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కిస్తే అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. ప్రభుత్వ ఆస్తిని తుక్కు అనాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని తేల్చాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు బదిలీ అయ్యారు, మూడో ఆయన రిటైరై తిరుపతిలో ఉంటున్నాడు. క్రేను ఖాళీగా వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు సులోచన బిడ్డతో వచ్చింది. ఆటో గంజి వీధిలోకి సాఫీగా పోయేదే, దారి ఖాళీ కదా ఇప్పుడు. చెంచమ్మ పోనివ్వలేదు. వార్డు ఆఫీసు గేటు ముందు ఆపించింది. వీధి జనమంతా అప్పటికే ఆవరణలో ఉన్నారు. సువార్తమ్మ నా సీటు తుడిచి దుప్పటి పరిచింది. ఎడమ తలుపు తీశారు. సులోచన మెల్లగా ఎక్కి కూర్చుంది. ఒడిలో ఎర్రగా, గుప్పెళ్లు బిగించుకుని, నలభై నాలుగో మనిషి.

ఇక దిగాలి. కుడి తలుపు తోశారు, రాలేదు. కూలిన చెత్తబుట్టలన్నీ ఆ తలుపుకే ఆనుకుని ఉన్నాయి, మనిషి ఎత్తున. ఎవరో, పోనీలే ఎక్కినవైపే దించండి అన్నారు.

"ఎక్కిన తలుపులోనే దిగితే ఇంటికొచ్చినట్టా, తిరిగి పోయినట్టా? ఎదుటి తలుపులోనే దిగాల" అంది చెంచమ్మ.

ఆ బుట్టల కథ కూడా చెప్పాలి. ఇంటికి రెండు చొప్పున పంచడానికి వచ్చినవి అవి. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి పంచుతారని పద్నాలుగు నెలలుగా అలాగే పెట్టారు. పెద్దమనిషికి తీరిక కుదరలేదు. వాటిని ముట్టుకోవద్దని గోడ మీద రాసి కూడా ఉందట. అందరూ జకరయ్య వైపు చూశారు, ఏదైనా వాదిస్తాడేమోనని. అతను తల దించుకుని నిలబడ్డాడు.

హైమావతి ఆ గోడ మీది రాత చూసింది, నాలో కూర్చున్న పిల్లను చూసింది. రిజిస్టరు తెరిచింది.

"ఇంటికి రెండు. వరుసగా రండి, సంతకం పెట్టి పట్టుకుపోండి. రిబ్బను ఏదని ఎవరైనా అడిగితే అయిపోయిందని చెబుతాను."

అరగంట పట్టింది. ఆడవాళ్లు తలా ఒక ఆకుపచ్చ బుట్ట, ఒక నీలం బుట్ట పట్టుకుని, వేలిముద్రలు వేసి, నా పక్కనుంచి పోతూ పోతూ కిటికీలోంచి బిడ్డను చూసి పోయారు. ఊడ్చే ఆడవాళ్లిద్దరూ చివరన నిలబడి బుట్టలు అందించారు. ఆ అరగంటా సులోచన నాలోనే కూర్చుంది. ఎవరో ఏదో హాస్యమాడితే పకపకా నవ్వింది, కుట్లు నొప్పి పుట్టి పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వింది. బిడ్డ నిద్రపోయింది. ఆఖరి బుట్ట తీశాక జకరయ్యే వచ్చి కుడి తలుపు పట్టుకుని లాగాడు. తలుపు వచ్చింది. సులోచన దిగింది.

ఆ సాయంత్రం జకరయ్య నా దగ్గర తచ్చాడుతుంటే హైమావతి వచ్చింది. అతని వైపు చూడకుండా, రిజిస్టరులో ఏదో రాసుకుంటూ, కమిటీ ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటుందని చెప్పింది. కానీ యజమాని అర్జీ పెండింగులో ఉన్న వస్తువు మీద ఏ కమిటీ చెయ్యి వేయలేదని కూడా చెప్పింది. అంతే చెప్పి గేటు తాళం వేయడానికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ప్రతి సోమవారం పదకొండు గంటలకు జకరయ్య వస్తాడు. తన కారు తనకు తిరిగి ఇప్పించమని అర్జీ ఇస్తాడు. ఇస్తే పెట్టుకోవడానికి చోటు లేదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ముద్ర వేసి పుచ్చుకుంటుంది. అతను కాసేపు నా స్టీరింగు ముందు కూర్చుని, కోళ్లకు గింజలు వేసి, వచ్చే నెలలో ఎవరికి కాన్పో నాకు చెప్పి వెళతాడు.

నా పక్కన ఇంకో బండి ఉంది. పాత సర్కారు జీపు, బానెట్టు నిండా దొండతీగ పాకింది. పద్దెనిమిదేళ్లుగా కమిటీ కోసం ఎదురుచూస్తోంది. పెద్ద పెద్ద అధికారులు ఎక్కిన బండినని మొదట్లో నాతో మాట్లాడేది కూడా కాదు. ఇప్పుడిప్పుడే కలుస్తోంది. మొన్న సోమవారం జకరయ్య వెళ్లిపోయాక నెమ్మదిగా అడిగింది, ఆ ముసలాయన ప్రతి వారం వచ్చి ఏం రాసిస్తాడని. నన్ను తిరిగి ఇమ్మని అన్నాను. తననైతే తిరిగి ఇమ్మని ఇన్నేళ్లలో ఒక్కరు కూడా అడగలేదట.